తాళంచెవి నీ జేబులోనే ఉండాలె

మిర్యాలగూడ,
జనవరి 2026

అన్నా,

సంక్రాంతికి వస్తవని ఎదురుచూసిన. క్రషర్ కాడ సెలవు దొరకలేదని వదినె ఫోన్ చేసి చెప్పింది. పండుగనాడు నువ్వు పుణె నుంచి పంపిన వాయిస్ మెసేజి మూడుసార్లు విన్న. రాళ్లు మోసే పని తప్పిందని, బెల్టు కాడ డ్యూటీ ఇచ్చిండ్రని, జీతం గూడ కొంచెం పెంచిండ్రని సంబురంగ చెప్పినవు. ఆఖరికి, "మన ఖగడియా పిలగాడు ఎట్లున్నడు, ఫోన్ ఎత్తుతలేడు" అని అడిగినవు.

నీ సంబురానికి, నీ ప్రశ్నకు రెండింటికీ ఒక్కటే జవాబు. అది ఫోన్ల చెప్పే ధైర్యం లేక కాగితం పట్టుకున్న.

పిలగాని కుడిచెయ్యి పోయిందన్నా. మణికట్టు మీదికి నాలుగు వేళ్ల మేర తీసేసిండ్రు. ప్రాణానికి భయం లేదు. ఇప్పుడు బీహార్ల వాళ్ల ఊర్లోనే ఉన్నడు. నీ ఫోన్ ఎందుకు ఎత్తుతలేడో నాకు తెలుసు. మనం ముగ్గురం ఒక్క మిల్లుల ఉన్నప్పుడు రొట్టె తుంచుడు మాన్పించి, అన్నంల పచ్చిపులుసు పోసి కలుపుకొని తినుడు వానికి నేర్పింది నువ్వే. "చాచాకు ఏమని చెప్పాలె" అని నన్నడిగిండు.

కార్తీక పున్నమి పోయిన మూడో రాత్రి. సీజను ఎట్లుంటదో నీకు చెప్పేదేమున్నది. ఎడమ కాలువ కింద కోతలు ఒక్కపారే మొదలైతయి, వడ్ల ట్రాక్టర్లు మిల్లు గేటు నుంచి రోడ్డుదాకా బారు కడతయి, రైతులు ట్రాక్టరు కిందనే పడుకుంటరు. 1967 ఆగస్టు 4న సాగరు నీళ్లు కాలువలకు వదిలిన నాటి నుంచి ఈ ఊరు వడ్లతోనే బతుకుతున్నది. మొన్న గూడ అంతే. మధ్యల వాన పడ్డది. పచ్చి వడ్లు, గడ్డి, మన్ను, సంచుల సుతిలి అన్నీ కలిసి డంపింగ్ గుంతల పడుతున్నయి. గుంత కింది బెల్టు వాటినన్నిటినీ ఎలివేటరుకు మోస్తున్నది.

రాత్రి పది కావస్తుండంగ బెల్టు ఒక పక్కకు జరిగి రేకును రాసుకుంట మొత్తుకుంటున్నది. గుంత అడుగున వెనక పుల్లీకి సుతిలి తాడు చుట్టుకొని పిడికెడంత గడ్డ కట్టింది. ఆపరేటరు ఎర్ర బటన్ నొక్కిండు. బెల్టు ఆగింది. పిలగాడు కొడవలి పట్టుకొని, తువ్వాల నడుముకు బిగించి, మెట్లు దిగి పుల్లీ కిందికి దూరిండు. తాడు కోసి పీకుడు వానికి రోజూ ఉన్న పనే. నీకూ ఉండె, నాకూ ఉండె.

అది డ్యూటీ మారే టైమన్నా. బటన్ నొక్కిన ఆపరేటరు చేతులు కడుక్కోను పోయిండు. కొత్తగ డ్యూటీకి ఎక్కినాయన ప్యానెల్ బోర్డు కాడికి వచ్చి చూస్తే బెల్టు ఆగి ఉన్నది. గేటు కాడ ట్రాక్టర్ల హారన్లు. లోపల గుమస్తా "బండ్లు ఆగినయ్, బండ్లు ఆగినయ్" అని ఒకటే కేకలు. ప్యానెల్ బోర్డుకు, గుంతకు నడుమ గోడ. గోడ అవతల మనిషున్నడని చెప్పే మనిషి లేడు, బోర్డు లేదు, లైటు లేదు. పచ్చ బటన్ నొక్కిండు.

నేను మీద డ్రయ్యరు కాడ ఉన్న. కేక వినలేదు. బెల్టు మోత మారింది. ఆ మోత తేడా మనకు ఎట్ల తెలుస్తదో నీకెరుకే. నేను దిగేసరికి ఎవరో ఆపిండ్రు. వాని చెయ్యి బెల్టుకు, పుల్లీకి నడుమ మోచేతికి దగ్గరదాకా పోయి ఉన్నది. పుల్లీ వెనక్కి తిప్పుదామని ఒకాయన రాడు పట్టుకొని వచ్చిండు. నేనొద్దన్న. వెనక్కి తిప్పితే చెయ్యి ఇంకోపారి నలుగుతది. ముందుగాల మెయిన్ పీకించి, సంచులు కోసే కత్తితోని బెల్టును అడ్డంగ కోసిన. రబ్బరు, నడుమ బట్ట, మళ్ల రబ్బరు. అది కోస్తున్నంతసేపు వాడు నా మెడను ఎడమ చేత్తోని పట్టుకొని ఉన్నడు. ఏడువలేదు. "భయ్యా, కొడవలి కింద పడ్డది" అన్నడు. 108 వచ్చింది, నల్లగొండ, అక్కడి నుంచి హైదరాబాదు. మిగిలింది నీకు మొదట్లోనే చెప్పిన.

ఇగ నేను రాయలేక రాయలేక రాస్తున్న మాట ఒకటున్నది. ఆ వెనక పుల్లీకి ఇనుప జాలీ గార్డు ఉండె, యాదికున్నదా? పచ్చరంగుది. దాన్ని తీసింది నేనే. దసరా ముందట బేరింగుకు గ్రీజు కొట్టేందుకు ఆరు బోల్టులు ఇప్పి తీసిన. మళ్ల బిగియ్యాలంటే ఇరవై నిమిషాలు. రెండు బోల్టులకు మర పోయింది. సూపర్‌వైజరు "సీజను అయినంక చూద్దాం తియ్" అన్నడు. నేను సరే అన్న. నెల దాటినా ఆ గార్డు గోడకే ఆనిచ్చి ఉన్నది. హమాలీలు దాని మీద తువ్వాలలు ఆరేసుకుంటుండ్రు. రోజుకు పదిసార్లు దాని పక్కనుంచి నడిచిన. ఆ జాలీ పుల్లీకి ఉండి ఉంటే, వాడు ముందుగాల గార్డు ఇప్పమని నన్ను పిలిచేటోడు. నేను దిగేటోన్ని. నేను దిగితే మెయిన్ పీకకుండ చెయ్యి పెట్టేటోన్ని కాదు. గార్డు ఒక్క వేళ్లను కాపాడేదే కాదన్నా, ఫిట్టరునైన నన్ను పిలిపించేది గూడ అదే.

అప్పటి నుంచి నిద్రపట్టని రాత్రులల్ల ఒకటే ఆలోచించిన. మన చేతులు అసలు బెల్టులోకి ఎందుకు పోతయి? నడిచే మిషన్ల ఎవ్వడూ కావాలని చెయ్యి పెట్టడు. వడ్లు పోసేటప్పుడు పోలేదు, బియ్యం పట్టేటప్పుడు పోలేదు. పోయినప్పుడల్లా ఊడ్చేటప్పుడో, గీకేటప్పుడో, తాడు పీకేటప్పుడో, గ్రీజు పెట్టేటప్పుడో పోయింది. ఎందుకంటే మిల్లు లెక్కల్లో గవేవీ పనులు కావు. వడ్లు ఆడితే పని. బస్తా కుడితే పని. లారీ నింపితే పని. శుభ్రం చేసుడు మాత్రం పనుల నడుమ సందులో చేసేది. దానికి టైము రాసి ఉండదు, మనిషి పేరు రాసి ఉండదు. టైము ఇయ్యని పని ఏ టైముల చేస్తరు? మిషన్ నడుస్తుండంగ చేస్తరు. లేకుంటే బటన్ నొక్కి, ఐదు నిమిషాలు దొంగతనం చేసినట్టు చేస్తరు.

గంటకు 4 టన్నుల మిల్లు అరగంట ఆగితే 2 టన్నుల వడ్లు ఆడవు. ఆ 2 టన్నులు మర్నాడు ఆడుకోవచ్చు. ఇది చెప్పేందుకు చదువు అక్కరలేదు. అయినా ఎవ్వరమూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

నువ్విప్పుడు బెల్టు మనిషివైనవు గనుక కొన్ని సంగతులు రాస్తున్న. నీకు తెలిసినవే అయినా మళ్లొకపారి చదువు.

మొదటిది, బెల్టు నడిమిట్ల తగిలితే రాసుకపోతది, తోలు లేస్తది. బెల్టు పుల్లీని కలిసే చోటున్నదే, అది లోపలికి గుంజే నోరు. సెకనుకు 2 మీటర్లు నడిచే బెల్టు అనుకో. తగిలిందని తెలిసి, మనిషి చెయ్యి వెనక్కి తీసుకునేందుకు ముప్పావు సెకను పట్టిందనుకో. అప్పటికి బెల్టు మీటరున్నర పోతది. వేలి కొన నుంచి భుజం దాకా మీటరు గూడ లేదు. "నేను హుషారు, చటుక్కున తీస్త" అనే మాట ఆ లెక్క ముందట నిలువదు. అందుకే గీకే రాడు గూడ పెట్టొద్దు. రాడును గుంజుకుంటే, పట్టుకున్న చేతిని గూడ దాంతోపాటే గుంజుతది.

రెండోది, ఆగిన మిషన్ పూర్తిగ ఆగినట్టు కాదు. మన ఎలివేటరు సంగతే చూడు. ఒక పక్క బకెట్లు నిండి ఉంటయి, ఇంకో పక్క ఖాళీ. కింద ఇరుక్కున్నది పీకంగనే, కరెంటు లేకున్నా వడ్ల బరువుకే అది వెనక్కి తిరుగుతది. మీ క్రషర్ల ఏటవాలు బెల్టు మీద కంకర నిండి ఉంటే అదీ అంతే, ఎనుకకు జారుతది. అందుకే చెయ్యి పెట్టే ముందు బరువు దించాలె, లేకుంటే కదలకుండ కట్టు వెయ్యాలె. కరెంటు పోయి వచ్చుడు ఇంకో గండం. బోర్ల కాడి ఆటో స్టార్టర్లు మరిచిపోయినవా? కరెంటు రాంగనే మోటరు తనంతట తనే ఎత్తుకునేది. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసెయ్యాలని ఊరూరా చెప్పిండ్రు. మిల్లులోనూ అట్లాంటి స్టార్టరే ఉంటే, కరెంటు పోయిందని పుల్లీ కిందికి దూరినోడు కరెంటు వచ్చేసరికి అక్కడనే ఉంటడు.

పిలగానికి తగిలింది మూడో గండం. ఇంకో మనిషి వేలు. ఎర్ర బటన్ ఎవరో నొక్కితే, పచ్చ బటన్ ఇంకెవరైనా నొక్కొచ్చు. బటన్‌కు లోపల ఎవరున్నరో తెల్వది.

ఇవన్నీ నేను కనుక్కున్న సంగతులు కావన్నా. బాధ గూడ అదే. లోకానికి ఎప్పుడో తెలుసు. ఇంగ్లండుల బట్టల మిల్లుల్లో పిల్లలు, ఆడవాళ్లు నడిచే మిషన్లను తుడవొద్దని, మిషన్లకు కంచె కట్టాలని 1844లోనే చట్టం చేసిండ్రు. మన దేశంల మొదటి ఫ్యాక్టరీల చట్టం 1881లో వచ్చింది. 1948 చట్టంల 21వ సెక్షను గార్డుల గురించి. 22వ సెక్షను నడుస్తున్న మిషన్ కాడి పని గురించి. పరీక్షించేందుకో, నూనె పోసేందుకో నడిచే మిషన్ దగ్గరికి తప్పనిసరై పోవాల్సి వస్తే, దానికోసం శిక్షణ ఇచ్చిన, వయసు నిండిన మనిషే పోవాలె, ఒంటికి అతుక్కొని ఉండే బట్టలు మిల్లే ఇయ్యాలె, ఆయన పేరు రిజిస్టర్ల రాయాలె అని ఉండె. 24వ సెక్షను, ఆపిన స్విచ్చి పొరపాటున మళ్ల పడకుండ లాక్ చేసే ఏర్పాటు ఉండాలనేది. పిలగాని చెయ్యి పోయిన రాత్రి ఈ చట్టం అమల్లనే ఉన్నది. ఇన్నేండ్ల సర్వీసుల అట్లాంటి రిజిస్టరు నేను కండ్లతోని చూడలేదు.

పోయిన నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్లు వచ్చినయి. పాత చట్టం కరెంటు వాడే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అనేది. ఇప్పుడు 20 మంది ఉండాలె. మన దిక్కు చిన్న మిల్లులు, జిన్నింగులు ఎన్ని ఆ నడుమ లెక్కల పడతయో నువ్వే ఆలోచించు. పుల్లీ మాత్రం మనుషులను లెక్కపెట్టి గుంజదు.

ప్రమాదమైన నాలుగో నాడు గుమస్తా నా దగ్గరికి ఒక కాగితం తెచ్చిండు. "కార్మికుడు తానే గార్డు తొలగించి, అజాగ్రత్తగా చెయ్యి పెట్టినాడు" అని రాసి ఉన్నది. కింద సాక్షిగ నా సంతకం కావాలట. సేటు లక్ష రూపాయలు ఇస్తడట, రైలు టికెట్టు గూడ. "అందరం బతకాలె గద" అన్నడు.

ఆ ఒక్క వాక్యం ఎందుకు రాసిండ్రో నాకు తర్వాత తెలిసింది. ప్రమాదం నాటికి అమల్ల ఉన్న 1923 నాటి నష్టపరిహారం చట్టంల ఒక మెలిక ఉండె. ప్రాణం పోయినా, మనిషి మొత్తానికే ఏ పనికీ రాకుండ అయినా ఆ మెలిక పనిచెయ్యదు. గాని ఒక చెయ్యి, ఒక వేలు పోయిన కేసుల, కార్మికుడు తెలిసి కావాలని గార్డు తీసిండని తేలితే పైసలు రావు. ఒక చెయ్యి పోతే చట్టం లెక్కల అది 60 శాతం. అంటే ఆ కాగితం మీద నా సంతకం పడితే, పిలగాని రెండో చెయ్యిని నేను తీసినట్టే.

సంతకం పెట్టలేదన్నా. లేబర్ ఆఫీసుకు పోయి, గార్డు తీసింది నేనని, ఏ తారీఖున, ఎవరు చెప్తే మళ్ల బిగియ్యలేదో అన్నీ చెప్పి, రాసిచ్చిన. ఆ సాయంత్రమే నన్ను పనికి రావద్దన్నరు. ఇప్పుడు ఇంకో మిల్లుల ఉన్న.

లెక్క గూడ చెప్తా, ఎందుకంటే ఇది ప్రతి కూలి మనిషికి తెలియాలె. పిలగానికి 24 ఏండ్లు. ఆ వయసుకు ఆ చట్టం పట్టికల ఉన్న అంకె 218.47. లెక్కకు తీసుకునే నెల జీతం ఎక్కువల ఎక్కువ 15,000. దాంట్ల 60 శాతం 9,000. దాన్ని 218.47 తోని గుణిస్తే 19,66,230. చెయ్యికి 60 శాతం గనుక, దాంట్ల 60 శాతం 11,79,738 రూపాయలు. లక్ష ఎక్కడ, ఇదెక్కడ! ఇయ్యాల్సిన దినం నుంచి నెలలోపల ఇయ్యకుంటే 12 శాతం వడ్డీ గూడ పడతది. మేస్త్రి కింద పనిచేసినా మిల్లు తప్పించుకోలేదు, అసలు యజమానే ముందు కట్టాలె. దరఖాస్తుకు రెండేండ్లు గడువు. ఈఎస్‌ఐ ఉన్నోళ్ల దారి వేరు, వాళ్లకు పింఛను వస్తది. కానీ ఈ లెక్కకు జీతం రుజువు కావాలె. పిలగానికి జీతం చీటీ లేదు, మేస్త్రి నోటుబుక్కుల పేరు మాత్రం ఉన్నది. ఆ పేజీని నేను ఫోన్ల ఫోటో తీసిపెట్టిన. నువ్వు గూడ నీ జీతం బ్యాంకుల పడేటట్టు అడుగు అన్నా. చేతికి ఇస్తే, తెల్లారి చెయ్యి లేనప్పుడు ఎవ్వరూ ఒప్పుకోరు.

కేసు నడుస్తున్నది. ఎప్పుడు తేలుతదో చెప్పలేను. పిలగాడు వాయిదాకు మళ్ల రైలు ఎక్కి రావాలె. 2020 మే 8న లాక్‌డౌన్ల ఖగడియా నుంచి లింగంపల్లికి వచ్చిన రైలు యాదికున్నదా? అందరూ ఊర్లకు పోతుంటే, 200 మందికి పైగా మన రైసు మిల్లుల కోసం ఇటు వచ్చిండ్రు. మంత్రి ఎదురుపోయి పూలిచ్చిండు. ఎవరు లేకుంటే మన వడ్లు గింజ గూడ కదలవో ఆ దినం అందరికీ తెలిసింది. అట్లా తెలిసిన సంగతి ఒక సీజనుకే మరిచిపోయినం.

పోయినేడు ఫిబ్రవరి 22న మీ పాలమూరు దిక్కు దోమలపెంట కాడ ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలినప్పుడు గూడ నేను ఇదే అనుకున్న. నీ జిల్లా కొండను తొలిచి నా జిల్లాకు కృష్ణ నీళ్లు తెచ్చే సొరంగం అది. లోపల చిక్కింది ఎనిమిది మంది. జార్ఖండ్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, పంజాబ్ నుంచి, కశ్మీర్ దిక్కు నుంచి వచ్చినోళ్లు. మన పొలాలకు నీళ్లు తెచ్చేందుకు వాళ్లు కొండలకు పోయిండ్రు. మట్టిని బయటికి మోసే కన్వేయర్ బెల్టు గూడ దెబ్బతింటే, దాన్ని మళ్ల నడిపించేందుకు ఎంత తండ్లాడిండ్రో రోజూ టీవీల చూసినం. ఇద్దరి శవాలే దొరికినయి. ఆ ఎనిమిది మంది కోసం దేశం మొత్తం ఎదురుచూసింది, చూడాల్సిందే. కానీ ఒక్కొక్క చెయ్యి, ఒక్కొక్క వేలు పోయేకాడ ఎవ్వరూ చూడరన్నా. మన పిలగాని సంగతి పేపర్ల నాలుగు లైన్లు గూడ రాలేదు. చూసేటోళ్లు లేనికాడ మనమే ఒకరినొకరం చూసుకోవాలె.

వదినె ఈ సీజను జడ్చర్ల దిక్కు జిన్నింగు మిల్లుకు పోతున్నదని చెప్పినవు. అక్కడ బెల్టు ఒక్కటే కాదు. జిన్ను మిషన్ల వరుస కింద గింజలను మోసే స్క్రూ ఉంటది. మెల్లగ తిరుగుతది గనుక ఎవ్వరికీ భయం ఉండదు. మీద రేకు ఉండాలె. గింజలు తట్టుకున్నప్పుడల్లా ఆ రేకు తీసి కాలితోనో చేతితోనో తోస్తరు. ఆ స్క్రూ పట్టుకున్నది వదలదు. ఆడవాళ్లు ఊడ్చేది సరిగ్గ దాని పక్కనే. చీర కొంగు, జడ, మెడల తువ్వాల ఏది తగిలినా చాలు. దూది ప్రెస్సింగ్ ఫ్యాక్టరీలల్ల కాటన్ ఓపెనర్ నడిచేకాడ ఆడవాళ్లను, పిల్లలను పెట్టొద్దని పాత చట్టంల 27వ సెక్షను ప్రత్యేకంగ ఉండె. దూది పనిల ఎంతమంది ఏమైతే ఆ సెక్షను రాసిండ్రో!

వదినెకు చెప్పు. కొంగు దోపుకొని మీద చొక్కా వేసుకొమ్మను. జడను ముడి చుట్టి గుడ్డ కట్టుకొమ్మను. రేకు తీసి ఉన్న స్క్రూ పక్కన ఊడ్వనని చెప్పొచ్చు, చెప్పాలె. ఒక్కతే చెప్తే రేపటి నుంచి రావద్దంటరు. పదిమంది ఆడవాళ్లు కలిసి చెప్తే మేస్త్రి ఆలోచిస్తడు. పాలమూరు లేబర్ అంటే ఎంత కష్టమైనా చేస్తరని దేశమంతా పేరు. ఆ పేరు మంచిదే. ఏం చెప్పినా చేస్తరనే పేరు మాత్రం మనకొద్దు.

ఇప్పుడు నేను చేస్తున్నది చెప్తా. కొత్త మిల్లుల చేరిన మొదటి నాడే సేటును రెండడిగిన. ఒకటి, డ్యూటీ మారేటప్పుడు రోజుకు రెండుసార్లు అరగంట మిల్లు మొత్తం ఆపాలె, ఆ అరగంట శుభ్రానికే. రెండు, మెయిన్ స్విచ్‌కు తాళం పడేటట్టు కొండి. మొదటిదానికి మొహం మాడ్చిండు. "మీ మిల్లుల ఒక్క చెయ్యి పోతే ఎన్ని దినాలు మూతపడతదో లెక్క చూసుకోండి" అన్న. వారం దినాలు చేసి చూడుమన్నడు. వారం అయినంక గూడ నడుస్తనే ఉన్నది, ఎందుకంటే బెల్టు పక్కకు జరుగుడు తగ్గింది, బేరింగులు కాలుడు తగ్గింది.

తాళం సంగతి చాన సులువు. ఎవరు లోపలికి దిగుతరో వాళ్లే మెయిన్ ఆపి, వాళ్ల తాళం వేసి, చెవి జేబుల వేసుకొని దిగాలె. ఇద్దరు దిగితే రెండు తాళాలు. ఎవరి తాళం వాళ్లే తియ్యాలె. సూపర్‌వైజరు దగ్గర రెండో చెవి ఉండొద్దు. తాళం వేసినంక ఒకపారి పచ్చ బటన్ నొక్కి చూడాలె, మిషన్ కదలలేదంటేనే దిగాలె. డ్యూటీ మారితే పాత మనిషి తాళం తీసేకాడనే కొత్త మనిషి తాళం వెయ్యాలె. అమెరికాల 1989లోనే దీన్ని నియమంగ రాసిపెట్టిండ్రు. మనకు నియమం రాసిన కాగితం కోసం ఆగే పని లేదు, తాళం బజార్ల దొరుకుతది.

క్రషర్ కాడ బెల్టు పొడుగునా గుంజితే ఆగే తాడు ఉన్నదో లేదో చూడు. ఉంటే పనిచేస్తున్నదో లేదో వారానికొకపారి నువ్వే గుంజి చూడు. కాని ఆ తాడు గుంజి ఆపినంత మాత్రాన చెయ్యి పెట్టొద్దు. ఆ తాడు ఆపద వచ్చినప్పటికే. తాళం వేరే. ఏమైనా జరగరానిది జరిగి ఎవరి వేలైనా తెగితే, శుభ్రమైన తడిగుడ్డల చుట్టి, ప్లాస్టిక్ కవర్ల పెట్టి మూతి కట్టి, ఆ కవరును ఐసు మీద పెట్టి దవాఖానకు పంపియ్యాలె. వేలును నేరుగ ఐసుల పెట్టొద్దు. ఈ మాట ఆ రాత్రి మాకెవ్వరికీ తెలియదు. మన పిలగాని చెయ్యికి అది పనికొచ్చేది కాదని డాక్టరు చెప్పిండు, అయినా తెలిసి ఉండాలె.

అన్నా, పండుగ ముందు ఒకనాడు పాత మిల్లు దిక్కు పోయిన. లోపలికి రానియ్యలేదు. గేటు కాడి నుంచి చూస్తే గుంత కనబడ్డది. పుల్లీకి గార్డు ఉన్నది. కొత్త రంగు వేసిండ్రు, పసుపుది. దాన్ని చూసి సంతోషపడాల్నో, ఏడువాల్నో తెలియలేదు. ఇరవై నిమిషాల పని.

ఈ ఉత్తరం తెచ్చే మనిషి చేతికి ఒక చిన్న పొట్లం గూడ ఇచ్చిన. దాంట్ల ఒక తాళం, ఒక్క చెవి ఉన్నయి. దుకాణంల రెండు చెవులు ఇచ్చిండ్రు. రెండోది నా దగ్గర ఉంచుకోలేదు. మొన్న మీనాక్షి అగస్త్యేశ్వర గుడికి వాడపల్లి పోయినప్పుడు, మూసీ కృష్ణల కలిసేకాడ నీళ్లల్ల వేసిన. ఇగ ఆ తాళం తీసే మనిషివి లోకంల నువ్వొక్కడివే.

పిలగానికి ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి. ఎత్తకుంటే మళ్ల చెయ్యి. ఎడమ చేత్తోని రాసుడు నేర్చుకుంటున్నడు. వాడు రాసిన కాగితం ఫోటో పంపితే చూసిన. తెలుగుల నీ పేరు రాసిండు.

వదినెను, పిల్లలను అడిగినట్టు చెప్పు. నువ్వు పైలం.

నీ తమ్ముడు